నాయన పిలిచిన పేర్లు

కాలేజీలో నాతో చదివిన రెడ్డెప్ప పోయాడని అతని రెండో కొడుకు రాసిన కార్డు నాకు అందేసరికి పదకొండో రోజు కూడా దాటిపోయింది. ఆ కార్డు నేను పదేళ్ళ కిందట ఖాళీ చేసిన ఇంటికి వెళ్ళి, అక్కడ కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకుని, ఆ తర్వాత నన్ను వెతుక్కుంటూ వచ్చింది. కొత్త చిరునామా నేనే ఇవ్వలేదు. ఇవ్వకూడదని కాదు, ఇవ్వడానికి తగిన సందర్భం రాలేదు, అంతే. అట్లాంటి సందర్భం కోసం యాభై ఏళ్ళు చూశాను. ఆలస్యంగానైనా పరామర్శకు వెళ్ళడం మర్యాద అనిపించి పుంగనూరు బస్సెక్కాను. మదనపల్లె దాటితే చాలుననుకుంటుండగా బస్సు ఆగింది. మంచినీళ్ళ కోసం ఆడవాళ్ళు ఖాళీ బిందెలు ముందు పెట్టుకుని రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు. పోలీసులు చాలా మర్యాదగా ఉన్నారు. లాఠీలు జీపులోనే పెట్టుకున్నారు. ఒక కుర్ర కానిస్టేబులు మాత్రం జీపు పైకెక్కి వీడియో కెమెరాతో ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు, నెమ్మదిగా, మడికి నీళ్ళు పారించినట్టు, ఒక్క మొహం ఎండిపోకుండా తీస్తున్నాడు. ముందు కూర్చున్న ఒకామె కొంగు సర్దుకుని, “టీవీలో వస్తాదా అప్పా?” అని అడిగింది. “వస్తాదమ్మా, ఇట్ల తిరుగు” అన్నాడతను. ఆమె తిరిగింది. పక్కనున్నవాళ్ళూ తిరిగారు. బస్సులో కూర్చున్న నేను మాత్రం, నాకేమీ సంబంధం లేకపోయినా, మొహం పక్కకు పెట్టుకున్నాను.

మా నాయన పోలీసు. నా చిన్నతనంలో కుప్పంలో కానిస్టేబులు, నేను కాలేజీకి వచ్చేసరికి పుంగనూరులో హెడ్ కానిస్టేబులు. హెడ్ కానిస్టేబులును మా వైపు ఏట్టయ్య అంటారు. ఆ పిలుపు రావడంతో ఆయన సొంత పేరుకు పని లేకుండా పోయింది. నాయన పొట్టి మనిషి. ఉద్యోగంలో చేరేటప్పుడు కొలత తీస్తుంటే మడమలు ఎత్తాడనీ, కొలిచినవాడు చూసీ చూడనట్టు పోయాడనీ అమ్మ చెప్పేది. పుంగనూరు ఆవు పొట్టిదని లోకమంతా చెప్పుకుంటుంది గానీ, నాయన పక్కన నిలబడితే ఆవుకు ఆ అపకీర్తి ఉండేది కాదు. సర్కారు ఆయన లోటును గమనించిందేమో, పొడుగాటి ఎర్ర తలపాగా ఒకటి ఇచ్చింది. పొద్దున్నే దాన్ని చుట్టడం ఒక క్రతువు. ఒక కొస గుంజకు కట్టి, రెండో కొస నడుముకు పట్టుకుని, ఆయన గుండ్రంగా తిరుగుతూ గుంజ దాకా వచ్చేవాడు. ఆ సమయంలో అడ్డం వెళ్ళినవాళ్ళు ఎవరైనా సరే తిట్లు తినేవారు. రోజు మొత్తం మీద ఆయన తిట్టేది అప్పుడే.

మా ఇంటి వాసనలు మూడు. రాగిసంగటి, బెల్టు తోలు, ఆముదం. ఆముదం లాఠీకి. ఆదివారం పొద్దున నాయన అరుగు మీద కూర్చుని, గుడ్డపేలికతో లాఠీకి ఈ కొస నుంచి ఆ కొసకు పట్టించేవాడు. వెదురు ఎండితే చీలుతుంది, చీలిన కర్ర చర్మాన్ని కోస్తుంది, రక్తం కనిపిస్తే అందరూ ప్రశ్నలు వేస్తారు. నూనె తాగిన కర్ర అట్లా కాదు, తగిలినా పైకి ఏమీ తెలియదు, అంతా లోపలే ఉంటుంది. ఈ సంగతి ఆయన మాకు, చెప్పులు ఎండలో విడవకూడదు అన్నంత మామూలుగా చెప్పేవాడు. “బిడ్డల తలకాయలకు లేని ఆముదం ఈ కట్టెకా” అని అమ్మ గొణిగేది, గొణుగుతూనే సీసా తెచ్చి ఇచ్చేది. పేలికలో మిగిలింది మా తలలకు రాసేవారు. అందువల్ల బడిలో నా దగ్గర ఎప్పుడూ పోలీసు వాసన వచ్చేదట.

ఇంత శ్రద్ధగా పెంచిన ఆ లాఠీని నాయన వాడగా నేను చూడలేదు. ఆయన పద్ధతి వేరు. సాయంత్రం డ్యూటీ దిగి, మోకాళ్ళ దాకా చుట్టిన ఖాకీ గుడ్డపట్టీలు విప్పుకుంటూ, ఆ రోజు ఎవరెవరు ఎదురుపడ్డారో వరసగా పేర్లు చెప్పేవాడు. పొయ్యి దగ్గర నుంచి అమ్మ దిద్దేది. వాడు ఎల్లప్ప కొడుకు కాదు అల్లుడు, గుడుపల్లె నుంచి ఇల్లరికం వచ్చాడు అనేది. ఆమె పెండ్లాము కాదు వదినె, ఆ ఇంట్లో రెండు పొయ్యిలు అనేది. నాయనకు చదువు సంతకం దాకానే, కాబట్టి రాసుకునేది లేదు. అమ్మ చెప్పింది మళ్ళీ ఒకసారి అప్పజెప్పేవాడు, పిల్లవాడు ఎక్కాలు అప్పజెప్పినట్టు. ఇతరుల ఇళ్ళలో సాయంత్రాలు భజనలు జరిగేవి, మా ఇంట్లో జనాభా లెక్కలు జరిగేవి. ఒక ఊరికి బదిలీ అయిన ఏడాదికల్లా ఆ ఊళ్ళో ఎవరి ఇంటి వెనక ఎవరి దొడ్డి ఉందో మా వంటింటికి తెలిసేది.

ఈ చదువు ఎందుకో నాకు కుప్పంలో గంగజాతరప్పుడు అర్థమైంది. గుడి ముందర జనం ఒత్తుకుంటున్నారు. కొత్తగా వచ్చిన సబిన్‌స్పెక్టరు లాఠీలు ఎత్తమన్నాడు. నాయన ఒక్క నిమిషం ఆగమని, ఎద్దులు విప్పిన బండి ఒకటి చూసుకుని ఎక్కి, గుంపు వెనక భాగం చూస్తూ పిలవడం మొదలుపెట్టాడు. “ఒరే కిష్టప్పా, నీ పెండ్లాము ఆడ బిడ్డను సంకనేసుకోని నిన్ను తిడతాండాది, పో.” జనం నవ్వారు. కిష్టప్ప సిగ్గుపడి వెనక్కి తిరిగాడు. ఇంకో పేరు, ఇంకో నవ్వు. పావుగంటలో ఊపిరాడింది. సబిన్‌స్పెక్టరు, ఇది ఏ పుస్తకంలో ఉందని అడిగాడట. నాయన జవాబు అమ్మ మాకు చాలాసార్లు చెప్పింది. “గుంపును కొడితే గుంపుకు తగలదు సార్, ముందరుండే వానికి తగుల్తాది. వాడు యనకాలోళ్ళు తోస్తే వచ్చినోడు.” గుంపును వెనక నుంచి విప్పాలని, పేరు విన్న మనిషి గుంపులో నిలవలేడని, అన్నిటికన్నా ముందు పోవడానికి దారి ఉంచాలని ఆయన నమ్మకం. దారి లేకుండా పొమ్మంటే యాడికి పోతారు అనేవాడు. తర్వాత నేను కాలేజీలో రాజనీతిశాస్త్రం చదివాను. గుంపుల గురించి మా ప్రొఫెసరుకు ఇంతకన్నా ఎక్కువ తెలిసినట్టు నాకు అనిపించలేదు.

కాలేజీ మదనపల్లెలో. అక్కడ ఒక గదిలో నేనూ రెడ్డెప్పా ఉండేవాళ్ళం. రెడ్డెప్పది పుంగనూరులో మా పోలీసు ఇళ్ళ వెనక వీధి. తండ్రి లేడు. తల్లి ఎల్లమ్మ బొరుగులు వేయించి అమ్మేది. తెల్లవారుజాము నుంచి వాళ్ళ ఇంట్లో బొరుగులు వేయించే మట్టికుండ, మంగలం, పొయ్యి మీదే ఉండేది, కాలిన ఇసుకలో బియ్యం చిటపటమని పొంగే చప్పుడు మా పెరట్లోకి వినిపించేది. ఆ బొరుగుల మీద అతను బి.ఏ. ఆఖరి ఏడాది దాకా వచ్చాడు. ఆ వీధిలో అంత దాకా వచ్చినవాడు ఇంకొకడు లేడు. ఎల్లమ్మకు బి.ఏ. అంటే ఏమిటో తెలియదు గానీ, అది ఇంకా ఎన్ని నెలల్లో వస్తుందో తెలుసు. ప్రతివారం నాకు కూడా ఒక మూట వేరేగా కట్టి పంపేది. రెడ్డెప్ప చదివేవాడు, నేను బొరుగులు తింటూ ప్రొఫెసర్లను అనుకరించేవాణ్ణి. పరీక్షలకు ముందు అతను చదివింది నాకు చెప్పేవాడు. మా ఇద్దరి మార్కులు దగ్గర దగ్గరగా ఉండటానికి ఇంతకన్నా కారణం లేదు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. యుద్ధం ఎక్కడో జరుగుతోంది, రాగులు మాత్రం మా ఊళ్ళో కనిపించకుండా పోయాయి. పుంగనూరు బజారు పక్కన ఒక గోదాములో రాగుల మూటలు ఉన్నాయనీ, వాటిని లారీల్లో బయటి జిల్లాలకు తీసుకుపోతారనీ తెలిసి జనం వీధిలో కూర్చున్నారు. చేటలూ సంచులూ పట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కూడా వచ్చారు. మదనపల్లె నుంచి మేము విద్యార్థులం పది మందిమి బొగ్గు బస్సులో బయలుదేరాం. పెట్రోలు లేక ఆ రోజుల్లో బస్సుల వెనక పొయ్యి కట్టి బొగ్గు గ్యాసుతో నడిపేవారు. మిట్ట వస్తే ప్రయాణికులు దిగి తోయాలి, టిక్కెట్టు మాత్రం కూర్చున్నవాళ్ళ ధరే. అట్లా తోసుకుంటూ వెళ్ళి స్వాతంత్ర్యం గురించి ఉపన్యాసాలు ఇచ్చాం. ఆడవాళ్ళు ఓపికగా విని, మీవాళ్ళెవరైనా రాగులు కొలుస్తారా అని అడిగారు. పోలీసు ఇళ్ళకు రాగులు వేరే కోటా కింద వచ్చేవి. కాబట్టి మర్నాడు పొద్దున ఆ వీధిలోకి సంగటి తిని వచ్చినవాళ్ళు పోలీసులూ, నేనూ.

రెండు రోజులు నాయన ఒక్కడే చూసుకున్నాడు. మూడో రోజు జిల్లా నుంచి రిజర్వు పోలీసులతో ఒక ఇన్‌స్పెక్టరు లారీలో దిగాడు. సన్నటి మనిషి, గొంతు పెంచేవాడు కాదు. లారీని వీధికి బజారు వైపు కొసన అడ్డంగా పెట్టించాడు. లారీకీ గోడకూ మధ్య ఒక మనిషి పక్కకు తిరిగి పోయేంత సందు మిగిలింది. రెండో కొసన తన మనుషులను మూడు వరసల్లో నిలబెట్టాడు. సబ్‌మేజిస్ట్రేటు వచ్చి, ఇది చట్టవిరుద్ధమైన గుంపు, విడిపోవాలి అని ఇంగ్లీషులో చదివాడు. తర్వాత తెలుగులో చదవబోయేసరికి దగ్గు వచ్చింది. జనం కదల్లేదు. అప్పుడు నాయన ఇన్‌స్పెక్టరు ముందుకు వెళ్ళి, పది నిమిషాలు ఇప్పించండి సార్, నేను పంపిస్తాను అన్నాడు. నీకు వీళ్ళ పేర్లు తెలుసా అని ఇన్‌స్పెక్టరు అడిగాడు. “అందరివీ తెలుసు సార్” అన్నాడు నాయన. ఆయన గొప్ప చెప్పుకోవడం నేను అదొక్కసారే విన్నాను. ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకుని, ఇచ్చాను అన్నాడు.

నాయన లారీకి వీపు పెట్టి, ఖాళీ బండి మీదకు ఎక్కాడు. ఒక కానిస్టేబులు కాడి పట్టుకున్నాడు. “ఒరే మునెప్పా, నీ ఎద్దు పొద్దున్నించి మెయ్యల్యా, పో.” మునెప్ప లేచాడు. “లచ్చుమమ్మా, పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చినావంట, ఇల్లు కాల్తాది.” లచ్చుమమ్మ కూర్చున్నచోటి నుంచే, “ఎసట్లో ఏసేదానికి ఏముండాది ఏట్టయ్యా?” అంది. వీధంతా నవ్వింది. నాయన కూడా నవ్వాడు. ఆమె తిట్టుకుంటూ లేచి లారీ పక్క సందులోంచి వెళ్ళిపోయింది. ఒక్కొక్కరే లేస్తున్నారు. పిలిచినవాళ్ళు లేస్తుంటే పిలవనివాళ్ళు కూడా కొందరు కదులుతున్నారు. పది పేర్లు అయ్యాయి. పదకొండోది, “రెడ్డెప్పా, మీ అమ్మ మంగలం మీద బొరుగులు మాడిపోతాండాయి, పోయి సూడు నాయనా.” రెడ్డెప్ప నా పక్కనే ఉన్నాడు. లేచి పంచె దులుపుకుని, పోదామా అన్నాడు. నేను, “నన్ను పిలవలేదు కదరా, పిలిచినాక వస్తాలే” అన్నాను. జీవితంలో చాలా హాస్యాలాడాను. ఎక్కువ భాగం మరిచిపోయాను.

రెడ్డెప్ప సందు దాకా వెళ్ళేసరికి అక్కడ ఇద్దరు ముగ్గురు ఇరుక్కున్నారు. లారీ కొంచెం వెనక్కి తీయించమని అడగడానికి నాయన బండి మీద వెనక్కి తిరిగాడు. తిరిగి ఒక్క క్షణం అట్లాగే నిలబడ్డాడు. అక్కడ లారీ మెట్టు మీద ఒక పోలీసు రైటరు కూర్చుని, పెన్సిలు నాలుకకు తడుపుకుంటూ రాస్తున్నాడని, పేరు వినపడగానే రాసుకుని ఆ పేరుగలవాడు సందులో తన పక్క నుంచి దాటేటప్పుడు మొహం చూసుకుంటున్నాడని మాకు అప్పుడు తెలియదు. మాకు కనిపించింది ఆయన వీపు మాత్రమే. మళ్ళీ ఇటు తిరిగాడు. చూపు సరిగ్గా నా మీద పడింది. నోరు తెరిచాడు. పన్నెండో పేరు నాదేనని నేను లేవబోయాను. “గాజుల నరసప్పా, ఇంటికి పో” అన్నాడు నాయన. గాజుల నరసప్ప అంతకుముందు ఆషాఢంలోనే చనిపోయాడు. “ఏట్టయ్యా, వాడు పొయ్యి ఏడాదాయ గదా” అన్నారెవరో. “పొయినాడా? సరే. కిష్టప్పా, నువ్వూ పో” అన్నాడు. కిష్టప్ప ఉండేది కుప్పంలో. ఆ తర్వాత ఇంకో ముగ్గురిని పిలిచాడు, ముగ్గురూ కాలం చేసినవాళ్ళే. నవ్వు ఆగిపోయింది. ఏట్టయ్యకు ఎండదెబ్బ తగిలిందని ఒక ముసలామె అంది. ఇన్‌స్పెక్టరు గడియారం చూసి విజిల్ ఊదాడు.

లాఠీలు అటు నుంచి వచ్చాయి. పోవడానికి ఇటు వైపున్న దారి, ముందే చెప్పాను, ఒక మనిషి పక్కకు తిరిగి పోయేంత. ఎవరో నలుగురు రాళ్ళు వేశారు. నాకు ఎడమ భుజం మీద ఒకటి తగిలింది. మంచి నూనె తాగిన కర్ర, రక్తం రాలేదు. ఎవరో ఇంటి తలుపు తీస్తే వాళ్ళ వంటింట్లోంచి వాళ్ళ పెరట్లోకీ, అక్కడి నుంచి మా వీధిలోకీ వచ్చిపడ్డాను. సందు దగ్గర ముగ్గురు కింద పడ్డారు. ఇద్దరు లేచారు. లేవనామె గంగవరం వైపు నుంచి రాగుల కోసం వచ్చినామె, కింద చేట నలిగిపోయి ఉంది. ఆమె ఎవరని ఇన్‌స్పెక్టరు అడిగితే నాయన తెలియదన్నాడు. ఆ వీధి మొత్తం మీద ఆయనకు తెలియని పేరు అదొక్కటే.

మర్నాడు పొద్దున పదకొండు మందిని పట్టుకున్నారు. పట్టుకోవడం కష్టం కాలేదు, అందరూ ఇళ్ళలోనే ఉన్నారు. ఇంటికి పొమ్మన్నారు కదా. చివరి దాకా కూర్చున్నవాళ్ళు దెబ్బలతో పోయారు, రాళ్ళు వేసిన నలుగురు ఇప్పటికీ దొరకలేదు. ఏట్టయ్య మాట విన్నవాళ్ళు మాత్రమే జైలుకు పోయారు. రెడ్డెప్పను తీసుకుపోయేటప్పుడు ఎల్లమ్మ మంగలం దించడం మరిచిపోయిందట. ఆ మాడు వాసన మా పెరట్లోకి వచ్చింది.

అదే రోజు మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద కుర్చీ వేస్తే కూర్చున్నాడు, మజ్జిగ ఇస్తే తాగాడు. లోపలి గదిలో అమ్మ నా భుజానికి పసుపు వేసి కట్టు కడుతోంది. జాబితాలో పదహారు పేర్లుంటే అయిదుగురు దొరకడం లేదని ఆయన చెప్పాడు. నలుగురు శ్మశానంలో ఉన్నారట, ఒకడు కుప్పంలో ఉన్నాడట, ఇది చాలా విచిత్రంగా ఉందట. తర్వాత ఇన్‌స్పెక్టరు, మీ అబ్బాయి మదనపల్లెలో చదువుతున్నాడు కదా, భుజం ఎట్లా ఉంది అని అడిగాడు. అమ్మ చేయి నా కట్టు మీద ఆగింది. “కోర్టులో ఆ పదకొండు మందినీ నువ్వు గుర్తుపట్టు. పన్నెండోవాణ్ణి నేను గుర్తుపట్టను” అన్నాడు ఇన్‌స్పెక్టరు. గ్లాసు కింద పెట్టి, మజ్జిగ బాగుందని చెప్పి వెళ్ళాడు.

విచారణకు రెండు రోజుల ముందు ఎల్లమ్మ వచ్చింది. ఎప్పుడూ పెరటి దడి దగ్గర నుంచే మాట్లాడే మనిషి, ఆ రోజు వీధి వైపు నుంచి వచ్చి అరుగు కింద నిలబడింది. మూట కూడా తెచ్చింది, అలవాటు కొద్దీ. “ఏట్టయ్యా, నా బిడ్డకు పరీచ్చలు ఉండాయంట. ఆడ సూడలేదని ఒక మాట సెప్పు” అంది. “సూసినాను గదక్కా” అన్నాడు నాయన. ఎల్లమ్మ గొంతు పెంచలేదు. “నీ బిడ్డను సూడలేదా?” అని అడిగింది. అంతే అడిగింది. నాయన జవాబు చెప్పి ఉంటే నేను ఇక్కడ రాసేవాణ్ణి. ఆమె మూట అరుగు మీద పెట్టి వెళ్ళిపోయింది. దాన్ని ఎవరూ విప్పలేదు, ఎవరూ పారవేయనూ లేదు, కొన్నాళ్ళకు చీమలు తీర్మానించాయి.

కోర్టులో నాయన పదకొండు మందినీ గుర్తుపట్టాడు. ఒక్కొక్కరి పేరూ, తండ్రి పేరూ చెప్పాడు, ఒక్క తప్పు లేదు. వాళ్ళ వకీలు లేచి, వీళ్ళు పొమ్మంటే పోయారా లేదా అని అడిగాడు. పోయినారు అన్నాడు నాయన. పోయారంటే ముందు అక్కడ ఉన్నట్టే కదా అని అవతలి వకీలు అన్నాడు. చట్టం చదువుకున్నవాళ్ళు, కాదనడానికి లేదు. తలా తొమ్మిది నెలలు వేశారు. రెడ్డెప్ప బోనులోంచి నాయన వైపే చూస్తూ ఉన్నాడు. అందులో కోపం కనిపిస్తుందేమోనని నేను వెనక బెంచీ మీద నుంచి వెతికాను. ఏదో అర్థం కాని లెక్కను చూసినట్టు చూస్తున్నాడు. జనాన్ని నేర్పుగా విడదీసినందుకు నాయన సర్వీసు పుస్తకంలో ఒక మంచి మాట రాశారు. చచ్చినవాళ్ళను పిలిచినందుకు మళ్ళీ కుప్పానికి బదిలీ చేశారు. రెండూ ఒకే వారంలో వచ్చాయి.

కుప్పంలో మా ఇంటి సాయంత్రాలు మారిపోయాయి. నాయన పట్టీలు విప్పుకునేవాడు, అమ్మ సంగటి కెలికేది, మాటలుండేవి కావు. వీధిలో ఆయన ఎవరినీ పేరు పెట్టి పిలవడం మానేశాడు. అందరూ “ఏమప్పా”, “ఏమమ్మా” అయిపోయారు. నేను కూడా “ఏమప్పా” అయ్యాను. పెన్సిలును ఆయన ఎప్పుడు చూశాడు, రెడ్డెప్పను పిలిచాకనా, పిలవడానికి ముందేనా అని నేను అడగాలనుకున్న రోజులున్నాయి. ముందే చూసి ఉంటే ఒక రకం మనిషి, తర్వాత చూసి ఉంటే ఇంకో రకం. తర్వాతేనని నా కళ్ళతో చూసినట్టు పైన రాశాను. వీపు చూసి ఎంత తెలుస్తుందో అంతే తెలుసు. ఆయన చనిపోయే దాకా అడగలేదు. జవాబు ఏదైనా లాభం పొందింది నేను గనుక, అడిగే హక్కు ఎవరికుందో తేలలేదు.

మదనపల్లెలో ఆ కెమెరా కుర్రవాడికి ఒక్క పేరూ తెలియదు. అవసరం కూడా లేదు. సాయంత్రం ఆఫీసులో కూర్చుని బొమ్మ ఆపి, ఒక్కొక్క మొహాన్నీ ఎవరికో చూపించి కనుక్కుంటారు. అతను బండి ఎక్కి అరవక్కర లేదు, ఎవరి ఎద్దు మేయలేదో, ఎవరి ఎసరు మరుగుతోందో తెలుసుకోనక్కర లేదు. గుంపులో తన కొడుకు మీద చూపు పడినప్పుడు ఏం చేయాలో తేల్చుకోవలసిన పని కూడా యంత్రం తప్పించింది. మనుషుల్ని పట్టించడానికి ముందు వాళ్ళను బాగా ఎరిగి ఉండాలన్న నియమం పోయింది. దీన్ని అభివృద్ధి అంటారని నేను పేపర్లో చదివాను. గంటన్నర తర్వాత ఎవరో అధికారి వచ్చి ట్యాంకరు పంపిస్తామని మాటిచ్చాడు, ఆడవాళ్ళు బిందెలు తీసుకుని లేచారు, బస్సు కదిలింది. రోడ్డు రెండు వైపులా తెరిచే ఉంది. అంత వరకు మెరుగే.

పుంగనూరులో రెడ్డెప్ప ఇల్లు అదే వీధిలో ఉంది, పైన మిద్దె వేశారు. జైలుకు పోయిన ఏడు హాజరు చాలక అతను పరీక్షకు కూర్చోలేదు. తిరిగి వచ్చేనాటికి తల్లికి చూపు ఆనడం లేదు, మంగలం ముందు అతను కూర్చున్నాడు. బతికినంత కాలం బొరుగుల కొట్టు నడిపాడు. ఇంగ్లీషు కాగితం ఏది వచ్చినా వీధివాళ్ళు అతని దగ్గరికే తెచ్చేవారట. రెండో కొడుకు నాకు కుర్చీ వేసి, మీ గురించి నాయన చెప్పేవాడు అన్నాడు. ఏమని అడిగాను. “కాలేజీలో మీరు భలే నవ్విస్తాంటిరంట సార్” అన్నాడు. నేను కాఫీ తాగాను. ఏదో ఒకటి చెప్పాలి కదా అని, మీ నాయన చాలా తెలివైనవాడు అన్నాను. ఒకరోజు సంగతి చెప్పాలని నోటి దాకా వచ్చింది గానీ, ఆ అబ్బాయి మొహం తండ్రిది.

ఆ రోజు రెడ్డెప్ప వేలూరు జైలు నుంచి విడుదలై, రైల్లో వచ్చి కుప్పంలో దిగాడు. పుంగనూరు బస్సు పట్టుకోకుండా, స్టేషన్లో అడుగుతూ అడుగుతూ మా ఇంటికి వచ్చాడు. మిట్ట మధ్యాహ్నం. నాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పరీక్షలు మూడు వారాల్లో ఉంటే చదువుకోవడానికి ఇంటికి వచ్చి, నేను లోపలి గదిలో పుస్తకం పట్టుకుని ఉన్నాను. తలుపు ఓరగా వేసి ఉంది. సందులోంచి గుండు కొట్టిన తల ఒకటి కనిపించింది, గొంతు విన్నాక గానీ పోల్చుకోలేదు. “ఏట్టయ్యా, ఇంటికి పొమ్మంటివి, పోతిని. ఇప్పుడు యాడికి పోవాల్నో అది గూడా సెప్పు” అన్నాడు. వెటకారం కాదు. నిజంగా అడుగుతున్నట్టే అడిగాడు. నాయన లేచి నిలబడ్డాడు. పై అధికారులకు తప్ప ఆయన లేవడం నేను చూడలేదు.

కాసేపటికి అమ్మ కంచంలో సంగటి, పులుసు తెచ్చి గడప ముందు పెట్టింది. రెడ్డెప్ప మెట్టు మీద కూర్చుని తిన్నాడు, నెమ్మదిగా, ఒక్క మెతుకు వదలకుండా. తిన్నాక తల ఎత్తకుండా, “వాడుండాడా అమ్మా?” అని అడిగాడు. నేను పుస్తకం మూశాను. ఊళ్ళో ఎవరు యాడ ఉండారో అందరికన్నా ముందు తెలిసిన మా అమ్మ, “లేడు నాయనా, మదనపల్లెలో ఉండాడు” అంది. నా చెప్పులు గడప పక్కనే, అతని మోకాలికి జానెడు దూరంలో ఉన్నాయి. రెడ్డెప్ప వాటిని చూశాడు. అమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. అతను చేయి కడుక్కోబోతూ, తడుస్తాయని ఆ చెప్పుల్ని ఎడమ చేత్తో కొంచెం అవతలికి జరిపి, కడుక్కుని, లేచి వెళ్ళిపోయాడు.